దాచనక్కర్లేనివి

మా మరిదికి శుభ్రం పిచ్చి. అలాగని తిన్న కంచం తీస్తాడనో, విప్పిన చొక్కా కొక్కేనికి తగిలిస్తాడనో అనుకునేరు. ఆ శుభ్రం కాదు, కంప్యూటర్లో శుభ్రం. తాను పనిచేసే ఫోల్డర్లో అక్కర్లేని ఫైలు ఒక్కటి కనిపిస్తే చాలు, పంటి కింద రాయి పడ్డట్టు మొహం పెడతాడు. నా పెళ్ళినాటికి నిక్కర్లు వేసుకునేవాడు కాబట్టి నాకు వాడు ఇప్పటికీ 'వాడే'. ఇప్పుడు పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. పక్క వీధిలో గది తీసుకుని ఉంటాడు, భోజనానికి మాత్రం మా ఇంటికే వస్తాడు.

ఆ పిచ్చిలోంచే 'చీపురు' పుట్టింది. అది వాడు రాసిన చిన్న ప్రోగ్రాం. వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. రాసిందల్లా, మార్చిందల్లా ఎప్పటికప్పుడు ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్లో నకలు దాస్తారు. దాన్ని గిట్ అంటారు. ఇల్లు కాలిపోయినా చేసిన పని మిగులుతుందట. అయితే పని చేస్తుంటే వంటింట్లో తొక్కల్లాగా చెత్త కూడా పుడుతుంది కదా, అది దాచనక్కర్లేదు. ఏవేవి దాచనక్కర్లేదో ఒక చిన్న ఫైల్లో రాసి పెడితే గిట్ వాటి వంక కన్నెత్తి చూడదు. ఆ ఫైలు పేరుకి ముందు ఒక చుక్క ఉంటుంది. చుక్క ఉన్న ఫైలు మామూలుగా చూసేవాళ్ళకి కనపడదు కూడా.

దాన్ని ప్రతిసారీ చేత్తో రాయడం విసుగని మావాడు చీపురు తయారుచేశాడు. నల్ల తెర మీద 'చీపురు' అని కొట్టి, పక్కన ఏ రకం పనో ఒక్క మాట కొడితే కన్ను మూసి తెరిచేలోగా ఆ ఫైలు తయారు. దాన్ని అందరికీ ఊరికే ఇచ్చేశాడు. ముక్కూ మొహం తెలియని దేశాలవాళ్ళు మెచ్చుకుంటూ రాసినవి నాకు చూపించి మురిసిపోయేవాడు. "లోకమంతా ఊడుస్తున్నావు గానీ ముందు నీ కంచం తియ్యి బాబూ" అనేదాన్ని. వాడు నవ్వి కంచం అక్కడే వదిలేసి వెళ్ళేవాడు.

ఈ సంగతులన్నీ నాకు అప్పట్లో తెలియవు. నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే దాన్ని నేను. కొళాయి రావట్లేదని తిట్టేవాళ్ళ గోడు వినడమే నా ఉద్యోగం. గిట్టూ గట్టూ నాకెందుకు? తర్వాత తెలుసుకోవాల్సి వచ్చింది. మనల్ని కరిచిన కుక్క ఎవరిదో కనుక్కోకుండా ఉండలేం కదా.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా ఆయన్ని 'బ్రేకు మాస్టారు' అంటారు. "బ్రేకు! బ్రేకు! ఎదురుగా మనిషమ్మా, మనిషి!" అని ఆయన అరిస్తే పక్క రోడ్డులో బండ్లు కూడా ఆగేవి. అలాంటి గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి అలా అయిందని అనుకున్నాం. వేడినీళ్ళు పుక్కిలించారు, మిరియాలు నమిలారు, రెండు రోజులు సెలవు పెట్టి మౌనంగా కూర్చున్నారు. తగ్గలేదు.

డాక్టరు ఒక కాగితం మీద మెడ బొమ్మ గీసి, అందులో ఒక చోట పెన్నుతో గట్టిగా సున్నా చుట్టాడు. అక్కడ చెడ్డ గడ్డ ఉందని, మాట పుట్టే పెట్టె మొత్తం తీసెయ్యాలని అన్నాడు. "ప్రాణానికి భయం లేదు. మాట మాత్రం ఉండదు" అన్నాడు. మెడలో ఒక రంధ్రం పెడతారు, ఇకమీదట ఊపిరి అందులోంచే. చేతితో పట్టుకునే యంత్రాలున్నాయి, వాటితో గరగరమంటూ మాట్లాడొచ్చు, మెల్లగా అలవాటవుతుంది అన్నాడు. డాక్టరు చెబుతున్నంతసేపూ మా ఆయన ఆ కాగితాన్నే చూస్తూ కూర్చున్నారు.

వచ్చేటప్పుడు స్కూలు కారులోనే వచ్చాం. ఒక బడి గోడ పక్కన ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అన్నారు.

"నాకు మాట పోతే ఏం కాదే. నువ్వు చదువుకున్నదానివి, పలక మీద రాస్తే చదువుకుంటావు. స్కూల్లో ఆఫీసు పని చేసుకుంటాను. మరి అమ్మ?"

నేను ఒళ్ళో ఉన్న ఆస్పత్రి కాగితాలు మడతపెట్టాను.

"అమ్మకి కళ్ళు లేవు. నేను రాసి ఎవరికి చూపించాలి? ఆ గరగర వింటే హడలిపోతుంది. నా గొంతు పోయిందంటే అమ్మ లెక్కలో నేను పోయినట్టే."

మా అత్తగారికి నీటికాసులు వచ్చి చూపు పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ లోకమంతా చెవుల్లోనే ఉంది. పెద్దకొడుకు ఇంటికి రాగానే "అమ్మా, వచ్చాను" అనాలి. అది వినపడేదాకా ఆవిడ కుర్చీలోంచి లేవదు. "గొంతులో చిన్న గడ్డ, తీసేస్తారట" అని మాత్రం చెప్పాం ఆవిడకి. ఉన్న కష్టం చాలదా, ఇది కూడా ఎందుకు చెప్పాలి అన్నారు మా ఆయన. దాచడం తప్పని నాకు తెలుసు. కానీ ఆ పూట ఆ మనిషితో వాదించే గుండె నాకు లేదు.

ఉపాయం చెప్పింది మా మరిదే. "అన్నయ్యా, నీ గొంతు నేను కంప్యూటర్లో పెడతాను. ఆపరేషన్‌కి ముందు నువ్వు వాక్యాలు చదువు. ఎంత ఎక్కువ చదివితే అంత మంచిది. తర్వాత నువ్వు ఏం టైపు చేసినా అది నీ గొంతుతోనే పలుకుతుంది. అమ్మకి తేడా తెలీదు" అన్నాడు. మా ఆయన వాడి భుజం మీద చెయ్యివేసి, "ఇన్నాళ్ళకి నీ చదువు అక్కరకొచ్చిందిరా" అన్నారు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకూ తిరిగాయి.

బట్టల బీరువా ఉన్న చిన్న గదిలో గోడలకి దుప్పట్లు కట్టాం. మధ్యలో స్టూలు, స్టూలు మీద లాప్‌టాప్, మైకు. తెర మీద ఒక వాక్యం వస్తుంది, ఆయన చదువుతారు, ఆ చదివింది ఒక ఫైలవుతుంది. అన్ని శబ్దాలూ రావాలని మా మరిది ఏరి కూర్చిన వాక్యాలు ఎలా ఉండేవంటే, "ఎర్ర బస్సు ఏటవాలుగా ఎక్కింది", "ఢంకా ఝల్లుమంటే ఠాణా గొల్లుమంది". మా ఆయన వాటిని చదువుతూ నవ్వేవారు, నవ్వితే దగ్గొచ్చేది, దగ్గొస్తే మళ్ళీ మొదటినుంచి. గొంతు సాయంత్రాలు కాస్త తేటగా ఉండేది. స్కూలు నుంచి తొందరగా వచ్చి, వేడినీళ్ళు తాగి, చెమటలు కక్కుతూ ఆ గదిలో కూర్చునేవారు.

సొంత వాక్యాలు కూడా చేర్చారు. "అమ్మా, వచ్చాను." "అమ్మా, మందు వేసుకున్నావా?" "నేనే అమ్మా, పెద్దోణ్ణి." ఒకరోజు తలుపు సందులోంచి వింటే, "నీకెన్నిసార్లు చెప్పాలే! గ్యాసు కట్టెయ్యమని!" అని గట్టిగా అరుస్తున్నారు. లోపలికెళ్ళి, "ఉన్న కాస్త గొంతూ నన్ను తిట్టడానికి తగలేస్తారా?" అన్నాను. "పోట్లాట లేకపోతే మొగుణ్ణెలా అవుతానే? రెండు మూడు రకాల తిట్లు పెట్టుకోనీ" అన్నారు. పెట్టుకోమన్నాను. పాడు మనిషి, నా మీద ప్రేమగా ఒక్క వాక్యమైనా చదివాడో లేదో నేను అడగలేదు.

పని అయ్యాక తెర మీద ఒక మీట నొక్కేవారు. ఆ రోజు చదివినవన్నీ దూరాన ఉన్న కంప్యూటర్‌కి వెళ్ళిపోతాయని మరిది చెప్పాడు. నొక్కగానే 'అంతా సరిగ్గా ఉంది, దాచవలసినది ఇంకేమీ లేదు' అన్న అర్థంలో ఒక ముక్క వచ్చేది. అది చూసి మా ఆయన తృప్తిగా లాప్‌టాప్ మూసేవారు. నేనూ చాలాసార్లు చూశాను ఆ ముక్కని. ఇంటికి తాళం వేశాక ఒకసారి లాగి చూసుకుంటాం చూడండి, అంత ధైర్యం వచ్చేది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన వాళ్ళమ్మ దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడారు. అంతా మామూలు మాటలే. పింఛను, మోకాలు నొప్పి, ఎదురింటి పిల్లల అల్లరి. లేచేటప్పుడు "వస్తానమ్మా" అన్నారు. ఆవిడ "జాగ్రత్తరా" అంది. అంతే. నేను గుమ్మంలో నిలబడి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆస్పత్రి వరండాలో నేలకి బిగించిన ఇనుప కుర్చీలు. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాక మా మరిది, అన్నయ్య మాటలు రికార్డు చేసిన ఆ లాప్‌టాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కేలా ఉందన్నాడు. "అన్నయ్య లేచేసరికి గొంతు రెడీగా ఉండాలి వదినా. మొదటి మాట దాంతోనే మాట్లాడాలి." వాళ్ళ ఆఫీసులో పెద్ద యంత్రం ఉందట, గొంతు తయారయ్యేది అందులో. దూరాన దాచినవాటిని అందులోకి దించుకోవాలి. అంతకుముందు ఈ లాప్‌టాప్ నిండిపోయి మెల్లగా నడుస్తోందని, ఏ పనికైనా ముందు తనకి అలవాటైన పని ఒకటి చేశాడు. ఒక ఆజ్ఞ ఉంటుందట. చుక్క పేరున్న ఆ ఫైల్లో దాచనక్కర్లేదని రాసి ఉన్నవన్నీ ఒక్క దెబ్బకి తుడిచెయ్యమని చెప్పే ఆజ్ఞ. దాచినవి ఎలాగూ భద్రంగా ఉన్నాయి, మిగిలింది చెత్తేగా. వాడు వారం వారం చేసే పనే. పిల్లలు నిద్రలో చీమని నలిపినట్టు కొట్టేశాడు.

తర్వాత ఆఫీసు యంత్రంలోకి దించడం మొదలుపెట్టాడు. అది చటుక్కున అయిపోయింది. అంత తొందరగా అవ్వకూడదు కాబోలు, వాడు ముందుకి వంగి చూశాడు. మళ్ళీ ఏదో కొట్టాడు. మళ్ళీ. కొడుతున్న చప్పుడు పెద్దదైంది. పక్క కుర్చీలో పెద్దాయన విసుగ్గా చూశాడు.

"ఏమైంది?" అన్నాను.

వాడు లాప్‌టాప్ నా ఒళ్ళో పడేసి ఆపరేషన్ గది తలుపు దాకా పరుగెత్తాడు. నర్సు అడ్డం వచ్చింది.

"మొదలుపెట్టారా?"

"మొదలుపెట్టడమేంటండీ, సగం పైగా అయిపోయింది. ఇక్కడ నిలబడకూడదు."

"ఒక్క నిమిషం ఆపగలరా? డాక్టరుగారితో చెప్పండి, ఒక్క నిమిషం..."

"ఆపడమా? దేనికి?"

వాడు ఏమని చెబుతాడు? కోసిన మనిషిని లేపి ఇంకోసారి మాట్లాడించమనా? నర్సు జాలిపడి, "భయపడకండి, బాగానే జరుగుతోంది" అని తలుపు వేసేసింది.

తిరిగొచ్చి నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, అన్నయ్య చదివినవన్నీ తుడిచిపెట్టుకుపోయాయని చెప్పాడు. నాకు ముందు తలకెక్కలేదు.

"ఇందులో పోతే పోయాయి. దూరాన దాచావుగా, అవి తెచ్చుకో" అన్నాను.

"దాచలేదు వదినా. దాచొద్దని నేనే చెప్పాను."

మొదలుపెట్టిన రోజున అన్ని పనులకీ చేసినట్టే ఈ పనికీ 'చీపురు' కొట్టాడు. పక్కన 'ఆడియో' అని కొట్టాడు. చీపురు చుక్క ఫైలు రాసిచ్చింది. అందులో ఒక వరస, శబ్దం ఫైళ్ళు ఏవీ దాచనక్కర్లేదని. ఆ వరస చీపురులో పెట్టింది వాడే, ఎవరో అడిగితే. శబ్దాలతో పనిచేసేవాళ్ళకి ఆ ఫైళ్ళు మహా బరువట, గిట్‌ని ముంచేస్తాయట, కావాలంటే ప్రోగ్రాం నడిపి మళ్ళీ పుట్టించుకోవచ్చట. అందుకని మా ఆయన చెమటలు కక్కి చదివిన ప్రతి మాటనీ గిట్ రోజూ చూసీ చూడనట్టు వదిలేసింది. వాక్యాల జాబితా దాచింది. ప్రోగ్రాం దాచింది. గొంతు దాచలేదు. దాచవలసినది ఇంకేమీ లేదని రోజూ చెబుతూనే ఉంది, మేం మురిసిపోతూనే ఉన్నాం.

నాకు ఒళ్ళు తెలియలేదు. వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పైకెత్తిన ఆ మొహం అచ్చం మా ఆయన మొహం. చెయ్యి దించి నా మొహమే కప్పుకున్నాను.

డాక్టరు టోపీ తీస్తూ బయటికొచ్చాడు. చాలా బాగా జరిగిందన్నాడు. "మొత్తం తీసేశాం. ఏమీ మిగలనివ్వలేదు" అన్నాడు. నేను దణ్ణం పెట్టాను. మా మరిది గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడిచాడు. అన్నయ్య బతికినందుకని డాక్టరు అనుకుని వాడి వీపు తట్టి వెళ్ళాడు.

పోయినవాటిని తవ్వి తీసే మనిషి ఒకతను బజార్లో ఉన్నాడంటే లాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాం. భూతద్దం పెట్టుకుని గడియారాలు బాగుచేసేవాడిలా ఉన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు. "పాత రకం డిస్కయితే గీకి ఏదో ఒకటి తీసేవాణ్ణి. ఈ కొత్త రకం, తుడవమనగానే నిజంగా తుడిచేసుకుంటుందండీ." అయినా రెండు రోజులు ఉంచుకున్నాడు. చివరికి, క్షమించండి అని తిరిగిచ్చాడు. అతను చెయ్యని తప్పుకి అతను క్షమాపణ చెప్పాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నేను వెయ్యిసార్లు వాడి ఉంటాను. ఇక ఈ జన్మలో వాడను.

మిగతాచోట్ల వెతికాం. మా ఆయనకి ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపడం చిరాకు, ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చేవారు, అంతే. పెళ్ళి వీడియోలో ఆయన పెదవులు కదులుతున్నాయి, మీద సన్నాయి వాయిస్తోంది. స్కూల్లో నేర్చుకున్న ఒకమ్మాయి దగ్గర చిన్న ముక్క దొరికింది. ఇంజను రొద, హారను, మధ్యలో "క్లచ్చమ్మా, క్లచ్చు! నీ కాలేదీ!" మా మరిది ఆ ముక్కనే పెట్టి గొంతు చేయబోయాడు. నోట్లో దూది కుక్కుకుని సొరంగంలోంచి ఎవడో మాట్లాడినట్టు వచ్చింది. దాన్ని నేను ఆపించేశాను. 

మా ఆయనకి చెప్పాల్సింది నేనే. మరిది ఆ గదిలోకి రాలేదు, వరండాలోనే తిరిగేవాడు. మెడకి గొట్టం, ముక్కుకి గొట్టం. చేతికి కాస్త బలం రాగానే ఆయన పలక అడిగి రాసిన మొదటి మాట, 'గొంతు రెడీనా?'

చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. కిటికీలో ఎదురు భవనం గోడ, పైపులు, అంతకంటే చూడటానికేం లేదు. మెడ రంధ్రంలోంచి ఊపిరి బుసబుస కొట్టింది. ఏడుపు కూడా చప్పుడు లేకుండా వస్తుందని అప్పుడు చూశాను. తర్వాత పలక తీసుకుని 'తమ్ముణ్ణి తిట్టకు' అని రాశారు. అరచేత్తో తుడిచేశారు. మళ్ళీ రాశారు. 'అమ్మకి?'

పలక ఆయన చేతిలోంచి తీసుకుని తలగడ పక్కన పెట్టాను. 

మా మరిది తన చీపురులోంచి ఆ వరస తీసేశాడు. ఇంకెవరికీ ఇలా జరగకూడదని. రెండు రోజులు తిరక్కుండానే ఎక్కడెక్కడివాళ్ళో విరుచుకుపడ్డారు. ఎందుకు తీశావు, మా గిట్ బరువెక్కి కదలట్లేదు, చక్కగా పనిచేసే దాన్ని పాడుచేశావు అని. వాడు ఎవరికీ ఏమీ వివరించలేదు. ఒకరోజు భోజనానికొచ్చి, ముద్ద నోట్లో పెట్టకుండానే, "మళ్ళీ పెట్టేశాను వదినా" అన్నాడు.

"ఏంటి పెట్టింది?"

"ఆ వరస. వాళ్ళు చెప్పింది నిజమే. వందమందిలో తొంభైతొమ్మిది మందికి అది చెత్తే."

నాకు మండిపోయింది. "నువ్వూ నీ చెత్తా! ఇంకో ఇంట్లో ఇంకో మనిషి..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. వాడు వినట్లేదు. లేచి, తన కంచం తీసుకెళ్ళి కడిగి, బోర్లించి పెట్టాడు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. నాకు సంతోషం కలగలేదు. వాడు మునుపటిలా వదిలేసి వెళ్ళి ఉంటే బాగుండుననిపించింది.

మా ఆయన ఇంటికొచ్చారు. మెడ చుట్టూ మెత్తటి గుడ్డ. పుండు మానేదాకా మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడని మా అత్తగారికి చెప్పాను. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు, ఇది అలాగే ఉంది. ఆవిడ కొడుకు మొహం తడిమి, చిక్కిపోయాడంది. చెయ్యి మెడ వైపు జారితే ఆయన మెల్లగా పట్టుకుని ఒళ్ళో పెట్టేవారు.

"ఏంట్రా ఆ బుస?"

"పుండు పచ్చిగా ఉంది అత్తయ్యా, ఊపిరి అలాగే వస్తుంది."

"ఎన్నాళ్ళే ఇంకా? ఒక్క ముక్క, ఊఁ అనమను చాలు."

ఊఁ అనడానికీ గొంతు కావాలి. రోజూ ఇదే. ఆఫీసులో ఫోన్లలో జనం ఇంకా ఎన్నాళ్ళని అరుస్తారు, ఇంటికొస్తే ఈవిడ మెల్లగా అడుగుతుంది. అరిచేవాళ్ళే నయం. నిజం చెప్పేద్దామని నేను మా ఆయనతో పోట్లాడాను. ఆయన పలక మీద 'ఇంకొన్నాళ్ళు' అని రాసేవారు. దేనికోసం ఇంకొన్నాళ్ళో ఆయనకీ తెలియదు.

అప్పుడే మా మరిది ఆ మాటన్నాడు. "అన్నయ్యా, మనిద్దరివీ ఒకటే గొంతు కదా. ఫోన్లో వదిన కూడా ఎన్నోసార్లు పొరబడింది. నా గొంతు పెడతాను." నిజమే, పొరబడేదాన్ని. రోజంతా గొంతులు వినే ఉద్యోగం చేస్తూ కూడా, "ఏమండీ, వచ్చేటప్పుడు పాలు" అని చెప్పాక, "వదినా, నేను" అని నవ్వేవాడు వాడు.

"నీకు మతి పోయిందా? ఆవిడకి మరి నువ్వెలా మాట్లాడతావు?" అన్నాను.

"నేను తక్కువ మాట్లాడతాను. ఆఫీసు పనిమీద ఊరెళ్ళానంటాను. ఏదో ఒకటి. నేను మాట్లాడకపోతే ఏం మునిగిపోతుంది వదినా?"

మా ఆయన వాడి వంక చూశారు. వద్దన్నట్టు చెయ్యి ఊపారు. వాడు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, చిన్నపిల్లాడిలా, "ప్లీజ్ అన్నయ్యా" అన్నాడు. ఇంకేమీ ఇవ్వలేనివాడు ఇస్తానంటే కాదనడం కష్టం. ఆయన పలక తీసుకుని 'సరే' అని రాశారు.

అదే గది, అవే దుప్పట్లు, అదే స్టూలు. అవే వాక్యాలు వాడు చదివాడు. ఎర్ర బస్సు ఏటవాలుగా ఎక్కింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అన్నయ్యలా కాస్త సాగదీసి చదవడానికి చూశాడు. "నీకెన్నిసార్లు చెప్పాలే" అన్నది మాత్రం చదవనివ్వలేదు నేను. ఈసారి ఆ ఫైళ్ళని ఎన్ని చోట్ల దాచాడో లెక్కలేదు. చేతులు కాలాక ఆకులన్నీ వాడి దగ్గరే ఉన్నాయి.

ఒక ఆదివారం సాయంత్రం అంతా సిద్ధమైంది. చిన్న పెట్టె, దానికి మీటల పలక. మా ఆయన భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు, పుండు మానాక ఊపిరి బుస వినపడటం మానేసింది. అత్తగారు తన కుర్చీలో, ఎదురుగా. మా మరిది గోడకి ఆనుకుని, ఊపిరి కూడా వినపడకుండా నిలబడ్డాడు. ముందే గదిలో విన్నాం మేం ఆ గొంతుని. నేను వినగానే ఏడ్చేశాను, అంత దగ్గరగా ఉంది. బతికొచ్చినట్టే అనుకున్నాను. దేవుడున్నాడనుకున్నాను, అంత వెర్రిదాన్ని.

"అత్తయ్యా, పుండు మానింది. ఆయన మీతో మాట్లాడతారట" అన్నాను.

ఆవిడ మొహం విచ్చుకుంది. కుర్చీలో సర్దుకుని కూర్చుంది, చెంగు భుజం మీదికి లాక్కుంది. మా ఆయన మీటలు కొట్టారు. పెట్టె పలికింది.

"అమ్మా. ఎలా ఉన్నావమ్మా?"

ఆవిడ తల పక్కకి వాల్చి వింది. చిరునవ్వు నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మా మరిది చెయ్యి పట్టుకున్నాను.

"చిన్నోడా, నువ్వెప్పుడొచ్చావురా?" అంది. "అన్నయ్య నాతో మాట్లాడతాట్ట. ఏడి, ఇలా రమ్మను."

 మా మరిది నోరు తెరిచి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మా ఆయన తల్లి మొహం వైపు చూశారు. ఆవిడ ఆయన ఉన్న వైపే తిరిగి, ఆయన్ని దాటి, వెనకనున్న గుమ్మం వైపు చెవి పెట్టి కూర్చుంది.  మళ్ళీ మీటల మీదికి వంగారు. 'నేనే అమ్మా, పెద్దోణ్ణి' అని కొడుతున్నారనుకున్నాను. కొట్టండి, చెప్పండి, ఏడిస్తే ఏడుస్తుంది, అందరం ఏడుద్దాం అని నా మనసు అరుస్తోంది. ఒక్కో మీటా వెతుక్కుని మెల్లగా కొట్టారు.

"ఇప్పుడే బయటికెళ్ళాడమ్మా" అంది పెట్టె, తమ్ముడి గొంతుతో. "వస్తాడు."

"ఈ నీరసంలో ఎక్కడికి పంపార్రా వాణ్ణి?" అని కోప్పడింది ఆవిడ. కాసేపు విని, ఎవరూ బదులు చెప్పకపోయేసరికి, మెత్తబడి, "సరేలే. వాడొచ్చేదాకా తలుపు గడియ పెట్టకండి" అంది.